మొప్పలు

ఏ సినిమా అయినా నాకు ఆఖరి పది నిమిషాలే.
మూడో నంబరు హాలు తలుపు పక్కన
చీపురు, చేట, నల్ల సంచి పట్టుకొని నిలబడత.
లైట్లు వెలిగితే లోపలికి,
మక్కపేలాలు ఊడ్చి బయటికి.
మెట్‌పల్లిల మక్కచేనుకు కావలి పన్నోన్ని
మనామాల పేలాలు ఊడుస్తున్ననని
రూముల ఎల్లేశం నవ్వుతడు.

ఆ పిల్లల బొమ్మల సినిమా మాత్రం
ముక్కలు ముక్కలుగ చూసిన, వెనకనుంచి ముందుకు.
మొదలు ఆఖరు చూసిన:
పిలగాడొకడు కిటికీ తెరుస్తడు,
ఇంట్ల నీళ్ళన్ని వీధిలకు దుంకుతయి,
కుర్చీలు, గిన్నెలు, ఒంటి బూటు కొట్టుకపోతయి.
పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
నేను ఊడ్చుకున్న.

షిఫ్టు మారినంక నడుమ చూసిన.
బయట తాళాల గుత్తి గలగలమంటది,
గడప కిందికెల్లి నీళ్ళు.
మెట్ల మీద బూట్ల చప్పుడు,
నీళ్ళు మోకాళ్ళ దాక.
తలుపు పిడి తిరుగుతది,
ముక్కు మీదికి.
ఆ మనిషికి మొకం గియ్యలేదు.
బూట్లు గీసిన్రు, నడుముకు గుత్తి గీసిన్రు,
మొకం ఉండాల్సిన కాడ ఉత్త లైటు.
తల్లి అదే నీళ్ళల్ల నిలబడి
రొట్టెలు ఒత్తుతాంటది, తడి తెలువనట్టు.

మాటలన్ని అరబ్బీ.
పదకొండేండ్లల్ల నాకు వచ్చిన అరబ్బీ
యల్లా, ఖలాస్, బుక్రా.
అయినా అర్థం కానిదొక్కటి లేదు.
మా హాస్టలు వార్డెనుకు గూడ
నా యాదిల మొకం లేదు.
స్టోరు రూము తాళాలున్నయి,
బియ్యం బస్తాల ముక్క వాసనున్నది,
"చక్కెర పెడత రా" అనే గొంతున్నది.
మొకం కాడ నేనూ లైటే గీసుకున్న
ఎవలు నేర్పకుండనే.

గీసినోడు ఎవడో, ఏ దేశపోడో,
ఏ అర్రల ఊపిరి బిగవట్టిండో!
చెప్పరానిదాన్ని నీళ్ళు చేసి
ఇల్లు నింపి చూపెట్టిండు.
నేనేం చెప్పిన మా అవ్వకు?
"కడుపు నొస్తున్నదే, హాస్టలుకు పోను."
అది గూడ బొమ్మనే.
గీత కుదరలే, అంతే.
అవ్వ వాము నూరి తాగిపిచ్చి
బస్సు ఎక్కిచ్చింది.

సినిమల పిలగాడు మునిగి సావడు.
మెడకు రెండు దిక్కుల మొప్పలు మొలుస్తయి.
బడిల ఎవలు చూడకుండ
ఎండకాలం గూడ కాలరు గుండీ పెట్టుకుంటడు.
ఆఖరుకు నీళ్ళు పోయినయి గదా,
మొప్పలు గూడ పోవాలె గదా?
పోవు.
తెర మీద పేర్లు పడేటప్పుడు,
అందరు లేసి చెప్పులు ఎతుక్కునేటప్పుడు
ఒక్కసారి తెరుసుకొని మూసుకుంటయి.
అది చూసేది నేనొక్కన్నే అనుకున్న.

బేస్తారం రెండో ఆట.
వెనక వరుసల ఒక పిల్ల లేవలే.
ఏడెనిమిదేండ్లుంటయి, కాళ్ళు నేలకు అందుతలేవు.
తండ్రో, మామో, ఎవలో
తలుపు కాడ ఫోను మాట్లాడుతుండు.
పిల్ల చెయ్యి మెల్లగ చెవి కిందికి పోయింది,
సరిగ్గ ఆడికే.
దురద కావచ్చు.
ఏమీ కాకపోవచ్చు.
నేనొక్క అడుగు ఏసిన,
నా నడుముకున్న హాలు తాళాలు గల్లుమన్నయి.
పిల్ల ఊపిరి ఆగింది.
నాది గూడ.

టికెట్ల కౌంటరుకాడ జోసెలిన్ను పిలుసుకొచ్చిన.
ఆమె మోకాళ్ళ మీద కూసొని ఏందో అడిగింది,
పిల్ల ఏందో అన్నది, లేకుంటే అనలేదో.
ఆ మనిషి వచ్చి చెయ్యి పట్టుకొని తీస్కపోయిండు.
తర్వాత ఆటకు జనం లోపలికొచ్చిన్రు.

అప్పటికెల్లి
హాలుల అడుగువెట్టే ముందు
గుత్తిని తుడిసే గుడ్డల సుట్టి జేబుల ఏసుకుంట.
ఎందుకని సూపర్వైజరు అడిగిండు.
"సముద్రపు గాలి సార్,
తుప్పు పడుతది" అన్న.