కొలతల పుస్తకం

నా బుక్కుల నలభై మూడో పేజీ.
జాడి ఓదెలు, పడవోడు.
ఛాతీ ముప్పై ఆరు, మెడ పద్నాలుగు,
చేతులు మాత్రం మంది కంటే రెండంగుళాలు పొడుగు.
తెడ్డు గుంజిన చేతులు గదా.
అప్పుడు కుట్టిచ్చింది ఒక గళ్ళ అంగీ, ఖాకీ నిక్కరు.
కూలీ కింద రెండు బొచ్చె చేపలు, తడి గోనెల చుట్టి.

సిరోంచ రేవుల నీళ్ళ రంగు చూసి
ఎగువ ఏ అడివిల వాన పడ్డదో చెప్పేటోడు.
ప్రాణహిత ఏ రాత్రి పక్క మారుస్తదో
ఒడ్డుకు తెల్వకముందే ఓదెలుకు తెలిసేది.
పెళ్ళోళ్ళ పడవ సుడిల తిరిగిననాడు
తాడు పండ్లతోని కరిచిపట్టి దుంకిండు.
పదిహేడు మందిని ఇసుక మీద కూసోబెట్టి లెక్కజేసి
పద్దెనిమిదోది మేకపిల్ల అని నవ్విండు.

ఆ నవ్వుకే దిష్టి తగిలిందంటరు.
నేననను.
ఆ వారమే నా దుకాణంల అద్దం ముందు నిలబడి
అద్దంలున్నోణ్ణి
కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసిండు.
"మామా, నేను సర్పంచునైతే ఎట్లుంటది?"
నా నోట్ల పిన్నులున్నయి.
తీసి ఒక మాట అనొచ్చు.
తలకాయ ఊపిన.
తెల్ల లాల్చీకి మూడు మీటర్లు పడుతదని రాసుకున్న.

ఇసుక గుత్తేదారు తర్వాత వచ్చిండు, నాగపూర్ బండిల.
"ఏరు నీ మాట వింటదట గదా,
దాని ఇసుక ఎవరి మాట వింటది భావూ?"
గంతే అన్నడు.
రాజేసేటోడు ఎప్పుడూ పుల్ల ఒక్కటే తెస్తడు,
కట్టెలు మన ఇంట్లయే.

కాగితం మరాఠీల ఉన్నది. ఓదెలుది తెలుగు నోరు.
నడుమ గుమస్తా చదివి చెప్పిండు,
ఏం చదివిండో, ఏం దాటేసిండో.
సంతకం నేర్చుకున్నది నా బల్ల మీదనే,
నా సుద్దముక్కతోనే,
ఎవరిదో జాకిట్టు గుడ్డ మీద.

రెండో కొలత: ఛాతీ నలభై, మెడ పదహారు.
చేతులు అంతే.
ముంజేతి పట్టీ కిందికి దించమన్నడు,
అరచేతి కాయలు కండ్లబడొద్దని.
మల్లుబాయి వచ్చి గడప మీద కూసున్నది ఒకనాడు.
"ఆయన చెవి నాది కాదన్నా ఇప్పుడు" అన్నది,
దారపు ఉండను వేళ్ళకు చుట్టుకుంట, ఇప్పుకుంట.

రాత్రిపూట యంత్రాలు దిగినయి.
పుచ్చపాదులు పారే ఇసుక మేట
తెల్లారేసరికి నోరు తెరిచి ఉన్నది.

ఆషాఢంల తమ్ముడు లసుమయ్య పడవ గట్టు విప్పి
"అన్నా, పోవచ్చునా?" అని కేకేసిండు.
జీపు దిగకుంటనే, అద్దం సగం దించి
ఓదెలు నీళ్ళ రంగు చూసిండు.
"పో" అన్నడు.
రంగు తప్పు చెప్పలేదు.
పైన నీళ్ళు పాతయే,
కింద నేల మాత్రం ఆయన సంతకం.

ఆరుగురు. లసుమయ్యతోని ఏడు.
మూడో దినం గోదారి కలిసిన దిగువన
దొరికిండు తమ్ముడు, తెడ్డు ఇడువలేదు.

గుత్తేదారు లారీలు ఆ రాత్రికే ఇంకో రేవుకు పోయినయి.
ఠాణాల ఓదెలును అడిగిండ్రు,
ఎవడు చెప్పిండు, ఎవడు చేయించిండు అని.
ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు.
"రాసుకోండి. సంతకం నాదే."
ఆ మాటన్నప్పుడు
తాడు కరిచిపట్టిన పాత ఓదెలు లెక్కనే ఉన్నడట,
పక్కనున్న జవాను చెప్పిండు.

బెయిలు మీద వచ్చినంక లాల్చీ తెచ్చిండు.
"ఒదులైంది, జెర పట్టియ్యి మామా."
ఛాతీ ముప్పై నాలుగు.
రాయబోతే సుద్ద విరిగింది.
పక్క కుట్లు విప్పిన.
దారం వచ్చింది గని
సూది నడిచిన తొవ్వ బట్ట మీద అట్లనే ఉన్నది,
సన్నగ, చీమల బారు లెక్క.

అది వేలితోని తడుముకుంట అడిగిండు:
"ఆనాడు అద్దం ముందట నేనడిగితే
నువ్వేం అనలేదేంది మామా?"
నోట్ల పిన్నులున్నయి బిడ్డా, అందామనుకున్న.

అనలేకపోయిన.
అప్పుడు గూడ ఉన్నయి.