మూడో కాపీ

"దీనికి డ్రైవరు దొరకట్లేదు" అన్నాను.
"బయట పదిమంది బీడీలు కాలుస్తున్నారు, పిలవనా?"
అన్నాడు వేదాచలం నాయుడు.

వాల్‌టాక్స్ రోడ్డు, లారీ ఆఫీసు, రాత్రి తొమ్మిది.
కొత్త కంప్యూటరు వీపంతా తడిమాను
ఆ వెడల్పాటి మూతికి చోటే లేదు.
రిచీ స్ట్రీట్‌లో కొన్న కేబులే ఇద్దరికీ దుబాసీ.

మొదట ఇస్పేటులు, ఆఠీన్లు కక్కింది.
"పేకాటెవడు నేర్పాడయ్యా?"

పన్నెండోసారి
తల విదిలించి
కర్ర్‌ర్... కర్ర్‌ర్...
బయట మూటల మీద పడుకున్న సెల్వం
లేచి తువ్వాలు దులిపాడు.

రిబ్బను ఎప్పుడో ఎండిపోయింది.
తెల్ల కాగితం మీద వట్టి గుంటలు,
వేలితో చదువుకోవాలి.
పాత కార్బను కింద పసుపుది మసక.
అన్నిటికంటే అడుగున, గులాబీ కాగితం మీద మాత్రం
సూళ్లూరుపేట, స్టీలు గిన్నెలు, నలభై మూటలు
నల్లగా.