నడిమి షట్టరు

మాగుంట లేఔట్లో నాకు మూడు షట్టర్లు,
పైన నా వాటా.
ఎడమది కాఫీ కంపెనీకి, కుడిది పిజ్జా కంపెనీకి,
నడిమిది ఖాదర్‌బాషా గోలీసోడాకి.

ఎడమా కుడీ ఒకటో తేదీ పొద్దున
ఫోన్లో టింగుమంటాయి.
నడిమిది నెలాఖర్లో, నాలుగు దఫాలుగా,
పొదలకూరు నిమ్మకాయ వాసనేసే నోట్లతో
మెట్లెక్కి వస్తుంది.

ఎదురుగా మల్టీప్లెక్స్ లేచాక
కాఫీ కంపెనీ మనిషి బెంగుళూరు నుంచి వచ్చాడు.
"ఆ గోడ తీసేస్తే మేడమ్, అంతా ఒకటే హాలు"
అంటూ ఫోన్లో ఒక అంకె చూపించాడు.

తొమ్మిదంగుళాల గోడ.
ఇటుకలు నేనే లెక్కపెట్టి దించుకున్నా.
నేనేం మంచిదాన్ని కాను.
ఆ అంకెని నాలుగు రాత్రులు
నా పక్కన పడుకోబెట్టుకున్నాను.

నెల్లూరంతా అంటుంది, పాత అంగళ్ళే మేలని.
ఆ పాత అంగళ్ళ ముందు
మేమెక్కడ నిలబడేవాళ్ళమో ఎవరూ చెప్పరు.
ఆట వదిలాక బెంచీలన్నీ మగాళ్ళవి.
మేము రిక్షాలో కూర్చుని,
ఎవరో అందించిన గ్లాసులో సగం తాగి,
ఇల్లు చేరేదాకా బిగబట్టుకునేవాళ్ళం.
ఇప్పుడు ఎడమ షట్టర్లో
ఇద్దరు ఆడపిల్లలు ఒక్క కప్పు పెట్టుకుని
మూడు గంటలు కూర్చుంటారు.
లెమ్మనే వాడు లేడు.
అద్దంలోంచి వాళ్ళని చూస్తే
నాకు ముందు అసూయ, తర్వాత సంతోషం,
ఈ వరసలోనే.

రాత్రి పదకొండు దాటాక
కంపెనీ దీపాలార్పి, టోపీలు తీసేసి
పిల్లలు బయటికొస్తారు.
కోవూరు హిమజ, ఇందుకూరుపేట సుధీరు.
వాళ్ళు అమ్మే రెండు కప్పులు
వాళ్ళ ఒక రోజు జీతం.

"ఏందిమే, ఈపొద్దు గూడా తిన్లా?"
"యాడ తినేది మామా, లైను కదల్లా."
టప్పుమని గోలీ దిగుతుంది.
అప్పు పుస్తకంలో వాళ్ళ పేర్లు రాయడు.
ఎడమ అంగడి అని ఒకటే ఖాతా,
ఎప్పుడూ పూర్తిగా తీరని ఖాతా.

సోడా తాగిన ముసలాయన బాత్రూం అడిగితే
"పక్కనే పో తాతా, మనోళ్ళే" అంటాడు.
హిమజ తలుపు తీస్తుంది, మేనేజరు చూడకుండా.
ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళకి
స్టాంపు కాయితం లేదు.

రోడ్డవతల పెంచలయ్య మలైకాజాల కొట్టు పోయాక
ఆ వరసంతా కంపెనీలే.
బోర్డులు తెల్లార్లూ వెలుగుతాయి.
ఆ వెలుగులో కుక్కలు పడుకుంటాయి.

అయిదో రోజు నేనే ఫోన్ చేశాను.
గోడ ఉంటుందన్నాను.
కొత్త అగ్రిమెంటులో ఒక మాట చేర్చమన్నాను:
నడిమి షట్టరు గిరాకీకి బాత్రూం తాళం తీసి ఉండాలి.
ఆ అబ్బాయి నవ్వాడు.
నవ్వి, మూడు వారాలు ఎవరెవరినో అడిగి,
పద్నాలుగో క్లాజుగా రాసి పంపాడు.

ఖాదర్‌బాషాకి అద్దె అయిదొందలు పెంచాను.
"ఇదేం న్యాయం టీచరమ్మా" అని
నడిరోడ్డు మీద అరిచాడు.
గోడ సంగతి నేను చెప్పలేదు,
చెప్పి ఆ అరుపు ఆపాలనిపించలేదు.
పదకొండు నెలలకే రాసిచ్చాను.
అంతకు మించి
నా మీద నాకే నమ్మకం లేదు.

పైన పడుకుని వింటుంటాను:
ఒక పక్క పాలు నురగెక్కే బుస,
ఒక పక్క డెలివరీ బండ్ల చిటపట,
నడుమ గోలీ.
ఏది ఆగినా మెలకువొస్తుంది.

ఇవాళ ఇరవయ్యెనిమిది.
నిమ్మకాయల రేటు మళ్ళీ పెరిగిందట.
రెండు దఫాలే వచ్చాయి.