పైనుంచి కిందికి

గేటుకి అటొకటి ఇటొకటి
రాయల్ పామ్ పెట్టించమన్నాడు మేస్త్రీ తవిటయ్య.
కడియం నుంచి లారీ వస్తోందట,
గుణుపురంలో కొత్త ఇళ్లన్నిటికీ అవేనట.
సున్నం కొట్టిన స్తంభాల్లా ఉంటాయి.
ఉన్న స్తంభాలకే ఇంకా డబ్బు కట్టలేదు, వద్దన్నాను.

సంతలో ఇసాకు రయితో
అడ్డాకులో చుట్టి నాలుగు గింజలిచ్చాడు.
"పండు నలపకండి టీచరమ్మా, దురద."
అప్పటికే నలిపేశాను.
ఆ రాత్రంతా వేళ్ల సందుల్లో కొబ్బరినూనె.

మేం జీలుగు అంటాం.
పక్కింటి మొహాంతి గారు సలప అంటారు.
ఇసాకు ఇంట్లో దానికి ఇంకో పేరు,
రెండుసార్లు పలికించాడు, నాకు నోరు తిరగలేదు.
ఏ పేరుతో పిలిచినా
ఏడు నెలలు కుండీ పలకలేదు.

మట్టి పారబోద్దామనుకున్న వారమే
నాలుగింట్లో ఒకటి
గరికపోచలా లేచింది, చివర చీలి.
"చేపతోక" అన్నాడు మా ఆయన,
వంశధారలో ఈదుతూ పెరిగినవాడు,
ఏ ఆకులోనైనా చేపనే చూస్తాడు.

గోడకి ఆరడుగులు వదిలి
కరెంటు తీగకి ఎడంగా నాటాను.
బియ్యం కడుగు పోశాను.
మొదటి వేసవులు తడిగోనె నీడ పట్టాను.
మూడో ఏడు మేక కొరికింది.
ఐదో ఏడు తుఫానుకి ఒరిగి
తాడు కట్టేలోగా తనే సర్దుకుంది.
"అడవి చెట్టుకి ఊరి మర్యాదలా?"
మొహాంతి గారి కోడలు నవ్వేది.
నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు
తమ పిల్లల్ని చేర్పించడానికొచ్చి
దాని నీడలో స్కూటర్లు పెట్టారు.

ఈ మాఘంలో, పదిహేడో ఏట,
నడినెత్తి నుంచి గుత్తి దిగింది,
తలంటుకుని విరబోసుకున్న జుట్టులా.
వీధంతా వచ్చి ఫోన్లు పైకెత్తింది.
గ్లాసు కడిగి పెట్టుకున్నానన్నారు మొహాంతి గారు.

ఇసాకు మాత్రం నవ్వలేదు.
చెట్లెక్కడం మానేసి నాలుగేళ్లయింది వాడికి.
చెప్పులు విప్పి, తలెత్తి,
"మొదలెట్టిసింది" అన్నాడు.
"ఇది పైనుంచి కిందికి పూస్తాది అమ్మా.
కణుపు కణుపూ దిగుతాది.
అడుగు కణుపు పూసిందంటే
ఇంక అయిపోనాదే."
ఎన్నాళ్లురా అంటే
"లెక్కలు మీ బడిలో చెప్పండి" అని
బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

సాయంత్రం డాబా ఎక్కి చెయ్యి చాచాను.
పదిహేడేళ్లు నీళ్లు పోసిన చెయ్యి.
అందలేదు.
ఏదో ఒక ఏడు పిట్టగోడ దాకా వస్తుంది పువ్వు,
ఆ తర్వాత కిటికీ చువ్వల దాకా,
ఆ తర్వాత
అరుగు మీద కూర్చున్నా తగులుతుంది.

మొహాంతి గారి మనవడు సరదాపడి
గుత్తి కొస ఎక్కడికొచ్చిందో చూసి
మేడ గోడ మీద సుద్దతో గీత గీశాడు, తారీఖు వేసి.

పొద్దున్నే ఎవరూ లేవకముందు
తడిగుడ్డతో తుడిచేశాను.