శనివారం, వాదిలో

శుక్రవారం జనం వచ్చి వెళ్ళాక
మిగిలినదంతా నా ఉద్యోగం:
తడి బొగ్గులు, జ్యూస్ డబ్బాలు, ఒంటి చెప్పు,
నీళ్ళలో నానిన రొట్టె.

ఖురియాత్ కొండల్లో దీన్ని ఏరు అంటారంటే
మా ఆత్రేయపురంలో నవ్వుతారు.
మోకాలి లోతు. ఎండాకాలం
గుంటలు గుంటలుగా తెగిపోతుంది.

అయినా చేపలున్నాయి, వేలెడంత.
కాలు పెడితే మడమ పగుళ్ళు కొరుకుతాయి.

మొన్న వాన వెలిశాక
ముసలి హమూద్ భుజం తట్టి చూపించాడు:
తడి బండకు పొట్ట ఆనించి
పైకి పాకుతున్నాయి ఒక్కొక్కటే,
జారి, మళ్ళీ.
పై గుంటలో నీళ్ళున్నాయని ఎవరు చెప్పారో వాటికి.

వరద ఎరుపెక్కగానే సముద్రం వదిలి
గోదారికి ఎదురెక్కే పులస గురించి చెప్పబోయాను.
నా అరబ్బీలో ఉన్నవి మూడే మాటలు:
చేప, పెద్దది, ధర.
ధర విని హమూద్ పడీ పడీ నవ్వాడు.
వీటిని మేం అమ్మం, అన్నాడు తర్వాత.

ఇవాళ బండ నెర్రెలో ప్లాస్టిక్ సంచి,
సరిగ్గా అవి ఎక్కే దారిలో.
గుంజితే సగమే వచ్చింది.
మిగతా సగం కోసం బోర్లా పడుకుని
చెయ్యి భుజం దాకా దూర్చాను.

రోడ్డు మీద సూపర్‌వైజర్ హారన్.
ఇంకోసారి హారన్.

నా గడ్డం కింద నుంచి
ఒకటి ఎక్కి వెళ్ళింది.