ఐదో నంబరు గున్నోడు

కువైట్‌లో, ఫింతాస్‌లో, సముద్రం వాసనొచ్చే వీధిలో
రాత్రి పదకొండు దాటినాక
మామా పడుకుందో లేదో చెవి పెట్టి విని
మిషారీ నా వంటింట్లోకి వస్తాడు.
పదేండ్ల పిల్లోడు. చేతిలో రెండు రిమోట్లు.
మూలనున్న పాత టీవీకి వైర్లు తగిలించి, చప్పుడు తగ్గించి
"యల్లా, కులా" అంటాడు.
కుళ్ళాయమ్మ అని పలకడం వానికి రాదు.

బంతాటే. మన హైస్కూల్లో ఆడే బంతాట గాదు.
ఈల ఊదేవాడు లేడు, ఎర్రకార్డు లేదు,
చుట్టూ కరెంటు కంచె.
మనిషిని ఎత్తి కంచెకేసి కొడితే
నీలంగా వెలిగి, ఎముకలు కనబడి, పొగలు చిమ్మి
చొక్కా దులుపుకోని మళ్ళా పరిగెత్తుతాడు.
గట్టిగా తంతే బంతికి నిప్పంటుకుంటుంది.
గోలీ బంతితో పాటు వల చించుకోని
ఎనకాల జనంలో పోయి పడతాడు.
జనం వాణ్ణి మళ్ళా లోపలికి ఇసిరేస్తారు.

మొదటి రాత్రి అయ్యో అయ్యో అని కండ్లు మూసుకున్యా.
పిల్లోడు పడీపడీ నవ్వినాడు.

ఎవరు కావాలో చూపించమన్నాడు.
వానికి పొడుగోళ్ళు, జుట్టు ఎగరేసేటోళ్ళు.
నేను చివరన నిలబడినోణ్ణి చూపించినా.
పొట్టోడు, బొజ్జ, మెడ లేదు, ఐదో నంబరు.
కోడూరు మార్కెట్లో మామిడి గంపలెత్తే మనిషి వాటం.
"వాడు పరిగెత్తలేడు కులా."
"నేను మాత్రం పరిగెత్తుతానా" అన్యా.
గున్నోడని పేరు పెట్టినా.

నా కుడిచేతి బొటనేలు సగమే వంగుతుంది.
పోయిన రంజాన్‌లో మెట్లు కడుగుతా జారిపడినా.
ఆ పొద్దు ఈ పిల్లోడు పైమెట్టు మీద నిలబడి
చానాసేపు చూసినాడు, నేనెప్పుడు లేస్తానా అని.
తర్వాత మెల్లగా దిగొచ్చి అడిగినాడు:
"ఎందుకు లేయవు?"
కట్టు నలభై దినాలు. చెయ్యి అతుక్కుంది.
ఏలు మాత్రం దాని ఇష్టం.

అందుకే నాకు ఒకటే బటను, మూడు మూలలది.
వత్తితే గున్నోడు తల దించుకోని గిత్త మాదిరి పోతాడు.
ఎదురొచ్చినోడు ఆకాశంలోకి.
"ఇది ఐబ్ గాదా?" అని అడిగినా.
ఈ ఇంట్లో నేను నేర్చిన తొలి మాట అది.
గట్టిగా నవ్వితే ఐబ్, సోఫా అంచున కూచుంటే ఐబ్,
బాల్కనీలో నిలబడి కిందికి చూస్తే ఐబ్.
"ఆటలో ఐబ్ లేదు" అన్నాడు, అయ్యవారు మాదిరి.

ఆరు నెలలు ఓడిపోతానే ఉన్యా.
కొన్ని కావాలని. వాడు గెలిస్తే తొందరగా పడుకుంటాడు,
నేను తెల్లారి నాలుక్కి లేయాల.
కొన్ని నిజంగానే.
ఏది ఏదో వానికి తెలీదు. కొన్నాళ్ళకి నాకూ తెలీలా.

మొన్న బేస్తవారం, ఆరూ ఆరు.
గడియారంలో తొమ్మిది సెకండ్లు.
పొడుగోడు నిప్పుబంతితో దూసుకొస్తాన్నాడు.
వదిలేద్దామనే అనుకున్యా. ఏలికి గూడా చెప్పినా.
ఏలు దాని ఇష్టమని చెప్పినా గదా.

పొడుగోడు కంచెకి అతుక్కోని మెరుస్తాన్నాడు.
బంతి గున్నోని బొజ్జకి తగిలి, నిప్పారి
అట్ల దొర్లుకుంటా, దొర్లుకుంటా
గోలీ ఎగిరినాడు, యాడో పైన ఎగిరినాడు,
బంతి వాని కింద నడిచిపోయింది.

అరిసినా. ఐబంత గట్టిగా.

మిషారీ రిమోటు గోడకేసి కొట్టినాడు.
"కద్దామా" అన్నాడు.
ఏజెంటు ఇచ్చిన కాయితంలోనూ ఆ మాటే.
వాని నోట్లోంచి మాత్రం అదే తొలిసారి.
బ్యాటరీలు ఫ్రిజ్జు కిందికి దొర్లినాయి.
నేను వంగి తీయలా.

శుక్రవారం రాలా. శనివారం రాలా.
బియ్యం నానబోసినా, యాలకులు దంచినా,
బాబా తెల్లంగీలు ఇస్త్రీ చేసినా.
మధ్యలో ఏలు ఊరికే ఆడతాంది, లేని బటన్ని వత్తుతా.

ఆదివారం రాత్రి వచ్చి గడపలో నిలబడినాడు.
ఏమీ అనలా.
ఒక రిమోటుకి నల్లటేపు చుట్టుంది,
వంకరటింకరగా, పిల్లోళ్ళు చుట్టినట్టు.
అది తాను పట్టుకోని, మంచిది నాకు చాపినాడు.

"ఉండు, పిండి చేతులు" అన్యా.
కడుక్కోని, నైటీకి తుడుచుకోని కూచున్యా.
అడక్కముందే ఐదో నంబరు మీద
వెలుతురు పెట్టినాడు.

తెల్లారి నాలుక్కి లేయాల.
లేస్తాలే.