ఖర్జూరం పెట్టె

ఆరు రోజులు నేను రూటర్లు బిగిస్తాను.
సాల్మియాలో, హవల్లీలో, మెట్లెక్కి మెట్లెక్కి
గోడకు కన్నం పెట్టి, తీగ దూర్చి,
పచ్చ దీపం వెలిగేదాకా నిలబడతాను.
వెలగ్గానే ఆ ఇంటి పిల్లలు చప్పట్లు కొడతారు,
నేనేదో వాన కురిపించినట్టు.

ఏడో రోజు, అంటే ఇక్కడ శుక్రవారం,
అబ్బాసియాలో బిర్యానీ హోటలు మీద మూడో అంతస్తు గదిలో
యవ్వనస్థుల కూడిక నాది.
గుమ్మం దగ్గర ఖాళీ ఖర్జూరం పెట్టె పెడతాను.
"ఫోన్లు ఇందులో వేసి రండమ్మా" అంటాను.
బిగించిన చేత్తోనే పీకడం.
దేవుడికి నవ్వొచ్చే ఉంటుంది.

వేస్తారు, పాపం.
హెప్సిబా తెర తుడిచి మరీ వేస్తుంది,
పసిబిడ్డ మూతి తుడిచినట్టు.
బర్నబా తన రెండు ఫోన్లలో పాతది వేస్తాడు.
నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు.
మూత పెట్టాక కూడా, పాట మధ్యలో,
లోపల కందిరీగల తుట్టె కదిలినట్టు చప్పుడు.

ఆ వారం నా అంశం కళ్ళు.
ఏది చూస్తే అదే అవుతామని.
మూడు రాత్రులు సిద్ధపడ్డాను.
ఎక్కడ సిద్ధపడ్డానో చెప్పాలా?
మంచం మీద బోర్లా పడుకుని, నా ఫోన్లోనే,
ఒక ప్రసంగం నుంచి ఇంకో ప్రసంగానికి,
అక్కణ్ణుంచి ఎవరో తిమింగలాన్ని నీళ్ళలోకి తోస్తున్న వీడియోకి,
అక్కణ్ణుంచి రాజంపేటలో ఎకరం ధరకి.
రెండున్నరకి కళ్ళు మండి
"తండ్రీ, పిల్లల్ని కాపాడు" అని పడుకున్నాను.

యోతాము ఒక్కడే వెయ్యలేదు.
ఇరవై ఒకటో ఏడు. సల్వాలో ఒక దివానియాలో టీలు అందిస్తాడు.
గ్లాసులు కడిగి కడిగి వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిపోయి ఉంటాయి.
"అన్నా, తొమ్మిదింటి దాకా ఉంచుకోనా?"
"ప్రభువుకి ఒక్క గంట ఇవ్వలేవా?" అన్నాను,
అందరి ముందు.
అప్పటి నా గొంతులోని తియ్యదనం నాకింకా గుర్తుంది.
వేశాడు.
పెట్టె వైపు ఒళ్ళు తిప్పి కూర్చున్నాడు.

ఎనిమిదీ ముప్పై రెండు. పెట్టె గుర్రుమంది.
ఆగింది. మళ్ళీ. ఆగింది. మళ్ళీ.
సరిగ్గా అప్పుడే చెబుతున్నాను,
పైనుంచి పిలుస్తుంటే మనకి వినపడదని.
హెప్సిబా లేచింది. నన్నడగలేదు.
మూత తీసి, ఫోను వాడి చేతికిచ్చి,
వచ్చి మళ్ళీ తన చోట కూర్చుంది.

వాళ్ళమ్మ.
జహ్రాలో ఒక ఇంట్లో వంట, పిల్లలు, బట్టలు.
శుక్రవారం మేడం నిద్ర లేచేలోపు ఒక పావుగంట,
బట్టల మిషను గదిలో, ఫోను ఆమె చేతికొస్తుంది.
కొడుక్కి వీసా తీయించింది ఆమే.
వాడు దిగి పంతొమ్మిది నెలలు.
మధ్యలో నలభై నిమిషాల రోడ్డు.
ఒకళ్ళనొకళ్ళు ముట్టుకున్నది లేదు.

వాడు మూలకి వెళ్ళలేదు. మా మధ్యే తల వంచాడు.
ఆమె నురుగు చెయ్యి ఎత్తి కెమెరా మీద ఆనించింది.
తెరంతా చీకటి.
ఆ చీకటిని వాడు నెత్తిన పెట్టుకున్నాడు.
ప్రార్థన గుసగుసగా, మిషను తిరిగే చప్పుడు కింద.
సగం మాటలు మాకు అందలేదు.
బర్నబా మాత్రం "ఆమేన్" అన్నాడు,
ముందుగా, రాకూడని చోట.

నా కాగితంలో ఇంకా నాలుగు పాయింట్లున్నాయి.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

పెట్టె ఇప్పటికీ పెడతాను.
ఒక రాత్రి బర్నబా ఫోను చేసి, తను ఏమేం చూస్తాడో చెప్పి ఏడ్చాడు.
అందుకని పెడతాను.
మూత మాత్రం పారేశాను.

మర్నాడు జహ్రాలోనే పని పడింది.
ఆ ఇల్లు కాదు, ఇంకెవరిదో.
హాల్లో పచ్చ దీపం వెలిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు.
బట్టల మిషను గది చూడమని ఎవరూ అడగలేదు.
వెళ్ళి చూశాను.
ఒకే గీత, అదీ వచ్చిపోతూ.
ఇంకో ఆరు మీటర్ల తీగ లాగాను.
బిల్లులో రాయలేదు.